పదునుకు గడి ఏది?

బనగానపల్లె నుంచి అవుకు పోయే దారిలో నల్లరేగడి చేలున్నాయి. ఆశ్లేష కార్తెలో ఒక పొద్దున ఆ చేలగట్టు మీద సర్వే జరుగుతుంటే పక్కనే నిలబడి చూశాను. ట్యాబ్ పట్టుకున్న పిల్లవాడికి ఇరవై మూడేళ్లుంటాయేమో. డెబ్బై దాటిన ఒక అవ్వను అడిగాడు: "అవ్వా, ఈ యేడు వాన తక్కువా, సాధారణమా, ఎక్కువా?"

"వానకేం నాయనా, వచ్చింది. పదునే కాలేదు" అంది ఆమె.

పిల్లవాడు ప్రశ్న మళ్లీ చదివాడు. ఆమె కూడా జవాబు మళ్లీ చెప్పింది, ఈసారి చేను వైపు చెయ్యి చాపి. నెర్రెలు కూడా పూడలేదని చూపించింది. మూడోసారికి అతను "వచ్చిందంటివి గదవ్వా" అని "సాధారణం" అనే గడి నొక్కాడు. తెర మీద తర్వాతి ప్రశ్న వచ్చింది.

ఆ గడి నొక్కిన వేలిని నేను తప్పుపట్టను. అతనికి రోజుకు ఇన్ని ఫారాలని లెక్క ఉంది, అది నిండకపోతే కూలి రాదు. నా తగాదా ఆ గడి కట్టిన చేతితో. ఎక్కడో చల్లని గదిలో కూర్చుని, రేగడి నేల మీద ఒక్క పూట కూడా నిలబడకుండా, మా వానకు మూడే మూడు జవాబులుంటాయని తేల్చిన చేతితో.

పదును వాన కాదు. వాన ఆకాశం లెక్క, పదును నేల లెక్క. ఎండకు నోరు తెరిచిన రేగడిలో మొదటి వాన నెర్రెల పాలవుతుంది. తర్వాతి వానలకు తడి జానెడు లోతు దిగాలి. పిడికెడు మన్ను తీసి నొక్కితే ముద్ద కట్టాలి, వదిలితే పొడిగా విడిపోవాలి. తడి ఎక్కువైతే గొర్రు సాగదు, తక్కువైతే గింజ మొలకెత్తీ ఎత్తకముందే మాడిపోతుంది. ఆ పదును ఆరేలోగా, ఆ నాలుగు రోజుల్లోనే, విత్తనం చేతికందాలి, ట్రాక్టరు దొరకాలి, దానికి డీజిలు డబ్బులు పుట్టాలి. వాన, నేల, అదును, మనిషి, అప్పు, ఈ ఐదూ కలిస్తేనే పదును పనికొస్తుంది. రైతు దాన్ని కొలవడం లేదని ఎవరన్నారు? చేత్తో కొలుస్తాడు, గొర్రు దిగే లోతుతో కొలుస్తాడు, పదమూడు పద్నాలుగు రోజులకొకటిగా మారే కార్తెలతో కొలుస్తాడు. మృగశిరలో పడిన వానా మఖలో పడిన వానా మిల్లీమీటర్లలో ఒకటే కావచ్చు, చేనికి మాత్రం ఒకటి కాదు.

వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడితే అది వాన కురిసిన రోజు. సగటుకు 19 శాతం అటూ ఇటూ ఉంటే అది సాధారణ వర్షపాతం. నెలంతా ఎండగాసి చివరి రెండు రాత్రుళ్లు కుండపోత కురిస్తే కాగితం మీద ఆ నెల సాధారణమే. ఆ సాధారణంలో మొలక ఎండిపోయి రెండోసారి విత్తనం కొన్నవాడి అప్పు ఎక్కడుంది? కరువు మండలాల జాబితా వర్షపాతం లోటుతోనే మొదలవుతుంది. పంట విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాలు, క్షేత్ర పరిశీలన అన్నీ ఆ తర్వాత. మొదటి గడప దాటని మండలం గోడు మిగతా గడపల దాకా పోదు. కాబట్టి ఇది మాటల తేడా కాదు, ఎవరింటికి సాయం వస్తుంది, ఎవరింటికి రాదు అనే తేడా.

విశ్వవిద్యాలయాల భాషలో ఆ పిల్లవాడు చేసింది పరిమాణాత్మక పరిశోధన. ఎంత, ఎందరు, ఎన్ని పాళ్లు అని అడుగుతుంది అది. ప్రశ్నలు ముందే ఖాయం, వందలమందికీ అవే ప్రశ్నలు, వచ్చిన అంకెలను పోల్చి ఒకటి మారితే మరొకటి మారుతుందా అని తేల్చడం దాని పని. ఆ అవ్వ పక్కన కూర్చుని "పదును కాలేదంటే ఏమవ్వా?" అని అడిగి ఉంటే అది గుణాత్మక పరిశోధన అయ్యేది. కొద్దిమంది దగ్గర ఎక్కువకాలం ఉండి, ఎట్లా, ఎందుకు, వాళ్ల దృష్టిలో దీనర్థమేమిటి అని అడిగే పద్ధతి. అక్కడ తెలిసేకొద్దీ ప్రశ్న కూడా మారుతుంది. పాఠ్యపుస్తకాలు ఈ రెంటినీ ఒక పట్టికలో ఎదురెదురుగా కూర్చోబెట్టి, దేని బలం దానిది, దేని లోపం దానిది అని తీర్పు చెప్పి పేజీ తిప్పేస్తాయి. పరీక్షలో పది మార్కుల ప్రశ్న అది. మా రాయలసీమలో ఆ పట్టిక అబద్ధం. ఇక్కడ ఆ రెండూ ఎదురెదురుగా ఎప్పుడూ కూర్చోలేదు. ఒకటి కుర్చీలో ఉంది, రెండోది గడప బయట నిలబడి ఉంది.

నేను ఆ గడప దగ్గర నిలబడ్డవాణ్ణే. చాలా ఏళ్ల కిందట ఒక విశ్వవిద్యాలయానికి పరిశోధన ప్రతిపాదన పట్టుకుపోయాను. మా వైపు నాపరాయి గనుల్లో పనిచేసే ఆడవాళ్లు అప్పును ఎట్లా చూస్తారన్నది విషయం. రెండు ఊళ్లలో ఏడాదిపాటు ఉంటాను, ఇరవై ఆరు మందితో మళ్లీ మళ్లీ మాట్లాడతాను అన్నాను. "ఇరవై ఆరా? అది పరిశోధన కాదు, కథ. మూడు వందలు చెయ్యి, ఐదు మెట్ల స్కేలు పెట్టు" అన్నారు. పెట్టాను. "అప్పు నాకు భారంగా ఉంది" అనే వాక్యం చదివి, పూర్తిగా ఒప్పుకుంటారా, కొంతవరకా, ఏమీ చెప్పలేరా అని మూడు వందలమందిని అడిగాను. ఒకామె నా మొహం చూసి "అప్పు పుట్టడం భారమేంది సామీ? అప్పు పుట్టకపోతే గదా ఊళ్లో మనిషి కింద లెక్కలేంది" అంది. ఆ ఒక్క మాటలో పరువుంది, కులముంది, కూలికి ముందే అడ్వాన్సు ఇచ్చి మనిషిని గనికి కట్టేసే మేస్త్రీ ఉన్నాడు. నా ఫారంలో దానికి "ఏమీ చెప్పలేను" అనే గడి ఒక్కటే మిగిలింది. ఆ గడే నొక్కాను. పట్టా వచ్చింది. ఆమె మాట ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. ఏమీ చెప్పలేనివాళ్లలో ఒకరిగా ఆమె ఇప్పటికీ ఆ పట్టికలో ఉంది. ఆ సిగ్గు నన్ను వదల్లేదు, ఈ వ్యాసం ఆ సిగ్గులోంచే వస్తోంది.

అంకెకు నేను శత్రువును కాను. ఆ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అంకె లేకపోతే సీమ చావులు కూడా ఎవరికీ పట్టేవి కావు. ధాత కరువు, 1876-78 నాటిది, మా తాతల నోట విన్నవాళ్లం. గంజి కేంద్రాలు, ఎముకల గూళ్లు, వలసలు, అన్నీ కథలుగా విన్నాం. కథలే అయితే ఎవరైనా కొట్టిపారేసేవారు. 1871 జనగణననూ 1881 జనగణననూ పక్కపక్కన పెడితే కర్నూలు జిల్లా జనంలో సుమారు నాలుగో వంతు మాయమైంది. ఆ అంకె ముందు ఏ ప్రభుత్వమూ నోరెత్తలేదు. లెక్కపెట్టడం కూడా ఒక సాక్ష్యమే.

అదే కరువులో పుట్టిన ఇంకో అంకె ఉంది. ఒక పౌను. 1877 మొదట్లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పంపగా రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి, కరువు పనుల్లో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద చిల్లర, అంతే చాలునన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఎదురుతిరిగాడు. ఆయన ఆ అంకెను ఇంకో అంకెతో మాత్రమే కొట్టలేదు. శిబిరాలకు పోయి మనుషుల ఒళ్లు చూశాడు, ఈ ఒళ్లు ఈ పని చేయలేదని రాశాడు. కొన్ని నెలలకు ఆ కూలి కొంత పెంచక తప్పలేదు. జనగణన అంకె, టెంపుల్ అంకె, రెండూ అంకెలే. మొదటిది ఉన్న మనుషుల్ని లెక్కపెట్టింది. రెండోది మనుషుల్ని చూడకుండా, వాళ్ల ఆకలిని అడగకుండా, ఖజానా వైపు చూసి పుట్టింది. నా కోపం ఈ రెండోరకం అంకె మీద. నూటయాభై ఏళ్లు కావస్తున్నా అది ఇంకా మా చేలగట్ల మీద తిరుగుతోంది, ఇప్పుడు ట్యాబ్‌లో.

"ఇరవై ఆరు మందితో పరిశోధనా?" అని నవ్వేవాళ్లు మన ఉమ్మడి కర్నూలు జిల్లా మీదే వచ్చిన ఒక పుస్తకం చదవాలి. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1970ల చివర, 80ల మొదట్లో ఈ జిల్లా పల్లెల్లో తిరిగాడు. 1988లో కేంబ్రిడ్జి వాళ్లు ఆ పుస్తకం వేశారు. ఒక ఊరిని లోతుగా చూశాడు, దానికి కొత్తపల్లె అని మారుపేరు పెట్టాడు. ఆ ఊళ్లో ఆయనకు కనిపించింది ఏ ప్రభుత్వ రికార్డులోనూ లేదు. చట్టం పెట్టిన పంచాయతీకి సంబంధం లేకుండా ఊరి పెద్దల కూటం ఒకటుంది. ఊరుమ్మడి నిధి ఉంది. పంట కోసిన చేలల్లో బయటి గొర్రెల మందలు మేసి ఎరువు వేసే హక్కును ఊరు వేలం వేస్తుంది, నిధికి డబ్బు అట్లా వస్తుంది. ఆ నిధితో పొలం కాపలాదారులకు, కాలువ నీళ్లు మడిమడికీ పంచే మనుషులకు జీతాలు. ఎవరూ నేర్పలేదు, ఏ పథకమూ ఇవ్వలేదు.

అక్కడితో ఆగి ఉంటే అదొక అందమైన పల్లె కథ అయ్యేది. వేడ్ ఆగలేదు. పక్క ఊళ్లో ఇది ఎందుకు లేదని అడిగాడు. 41 ఊళ్లు పోల్చాడు, అందులో 31 కాలువ కింది ఊళ్లు. అప్పుడు తేలింది: కాలువ చివరన ఉండి, నీళ్లు వస్తాయో రావో తెలియని ఊళ్లే ఎక్కువగా కట్టుబాటు చేసుకున్నాయి. తల దగ్గర నీళ్లు పుష్కలంగా ఉన్నవాళ్లకు ఆ అవసరం రాలేదు. కూర్చుని వినకపోతే ఆ వ్యవస్థ ఉందనే తెలిసేది కాదు. లెక్కపెట్టి పోల్చకపోతే ఎందుకుందో తెలిసేది కాదు. 1990లో ఎలినార్ ఆస్ట్రమ్ ఉమ్మడి వనరుల మీద రాసిన పుస్తకంలో ఈ కర్నూలు ఊళ్ల అనుభవాన్ని వాడుకుంది, 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మా కాలువ చివరి రైతు తెలివి స్టాక్‌హోమ్ దాకా పోయింది. మన పరిశోధక విద్యార్థుల ప్రశ్నావళి దాకా రాలేదు.

ఒక్కసారి ఊహించండి. ఆ ఊళ్లకు ఫారం పట్టుకుపోయి "మీ ఊళ్లో నీటి సంఘం ఉందా? ఉంది, లేదు" అని అడిగి ఉంటే 41 ఊళ్లలోనూ "లేదు" అనే వచ్చేది. సంఘం అనే పేరు అక్కడ లేదు కాబట్టి. "రైతుల్లో సహకార భావం లేదు, చైతన్యం కల్పించాలి" అని సిఫారసు కూడా తయారయ్యేది. 1997లో చట్టం తెచ్చి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఒకే అచ్చులో పోసినప్పుడు, ఊళ్లు అంతకుముందే ఏం చేసుకుంటున్నాయో ఊరూరా కూర్చుని విన్నవాళ్లు ఎందరు?

ఇప్పుడు రాయడానికి చెయ్యి రాని విషయం రాయాలి. రైతు ఆత్మహత్యలు.

1897లో ఫ్రాన్స్‌లో ఎమిల్ దుర్ఖైమ్ ఆత్మహత్యల గణాంకాలు తీసుకుని సమాజశాస్త్రానికి పునాది రాయి వేశాడు. 1967లో అమెరికాలో జాక్ డగ్లస్ ఆ రాయి కిందికే చెయ్యి పెట్టాడు. అసలు ఫలానా చావు ఆత్మహత్య అని రాసిందెవరు? ఒక అధికారి. ఏ ఆధారంతో? కుటుంబం ఏం చెప్పింది, ఏం దాచింది, అధికారి ఏం అనుకున్నాడు, దాన్నిబట్టి. అంటే అంకె పుట్టకముందే ఒక మాటామంతీ జరిగింది, ఒక తీర్పు జరిగింది. అంకెను నమ్మాలంటే ముందు ఆ తీర్పును పరిశీలించాలి.

ఇది పరాయి దేశపు పాండిత్యం కాదు. 2004 జూన్ 1న వచ్చిన జీవో 421 తీసుకోండి. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర ఇవ్వాలన్నది ఆ జీవో, తర్వాతి ప్రభుత్వాలు ఆ మొత్తం పెంచాయి. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారుల కమిటీ వచ్చి ఆ చావు రైతు చావేనా అని తేలుస్తుంది. పాసుపుస్తకం ఏది? అప్పు కాగితం ఏది? కౌలు రైతుకు పాసుపుస్తకం ఉండదు, మా వైపు కౌలు నోటిమాట మీద నడుస్తుంది. వడ్డీ వ్యాపారి ఇచ్చిన అప్పుకు రసీదు ఉండదు. భూమి మామ పేరునో మొగుడి పేరునో ఉంటే, పొద్దున్నుంచి మాపుదాకా చేలో వంగిన ఆడమనిషి రైతే కాదు. బతికినంతకాలం రైతు, చచ్చిపోయాక ఎవరూ కాదు. కమిటీ తిరస్కరించిన ఫైలు మూతపడుతుంది, ఆ కుటుంబం ఎందుకు కూలిపోయిందన్న ప్రశ్న కూడా దాంతోపాటే మూతపడుతుంది.

దేశం లెక్క చూడండి. జాతీయ నేర గణాంకాల సంస్థ 2013లో వ్యవసాయంలో ఉన్నవాళ్ల ఆత్మహత్యలు 11,772 అని చెప్పింది. 2014లో రైతుల ఆత్మహత్యలు 5,650 అని చెప్పింది. ఒక్క ఏడాదిలో సగానికి పడిపోయాయా? పడిపోలేదు. ఆ ఏడాది పట్టికను రెండుగా చీల్చారు, రైతులు వేరు, వ్యవసాయ కూలీలు వేరు అన్నారు. కూలీల గడిలో 6,710 మంది ఉన్నారు. రెండూ కలిపితే 12,360, అంటే అంతకుముందటి ఏడాది కన్నా ఎక్కువ. చావులు తగ్గలేదు, గడి మారింది. సేద్యం చేస్తూ కూలికి కూడా పోయే సన్నకారు రైతును స్టేషన్‌లో రాసే మనిషి ఏ గడిలో వేశాడో ఆ పట్టిక ఎప్పటికీ చెప్పదు. అది తెలియాలంటే ఆ ఇంటికి పోయి కూర్చోవాలి. "శాంపిల్ ఎంత?" అని అడిగే పెద్దలను నేను అడుగుతున్నాను, ఈ 5,650 అనే అంకెకు ముందు జరిగిన మాటలను మీరెప్పుడైనా అడిగారా?

శాంపిల్ ఎంత అనే ప్రశ్నను ఎప్పుడూ బలహీనుడి వైపే గురిపెడతారు. 2001లో జహీరాబాద్ దగ్గర ప్రజాతీర్పు అనే విచారణ జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మూడు ప్రాంతాల నుంచీ వచ్చిన చిన్న రైతులు, ఎక్కువమంది ఆడవాళ్లు, జ్యూరీగా కూర్చున్నారు. అప్పటి ప్రభుత్వం మెకిన్సే కంపెనీతో కలిసి తయారుచేసిన విజన్ 2020 వాళ్ల ముందుకొచ్చింది. సేద్యం మీద బతికే జనాన్ని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులో మాట. జ్యూరీ రోజుల తరబడి నిపుణులను ప్రశ్నించి, ఆ దారి మాకొద్దంది. మరుసటి ఏడాది ఆ నివేదిక అచ్చయితే బ్రిటన్ సహాయ సంస్థ దాని పద్ధతిని తప్పుపట్టింది, వీళ్లు అందరికీ ప్రతినిధులు కారంది. సరే, అడగండి, పద్ధతిని ఎవరైనా ప్రశ్నించవచ్చు. 40 శాతం అనే అంకె రాసినవాళ్లు ఎందరు రైతులను అడిగి రాశారు? ఆ శాంపిల్ ఎంత?

అట్లా అడిగినవాళ్లూ ఉన్నారు. రాజస్థాన్‌లో ఆర్థికవేత్త ఎన్. ఎస్. జోధా చేసిన పని నిజాయితీకి పాఠం. ఇరవై ఏళ్ల తేడాతో అవే ఊళ్లకు పోయాడు. తలసరి ఆదాయం ఐదు శాతానికి మించి పడిపోయిన 36 కుటుంబాలున్నాయి. అంకె వాళ్లు చితికిపోయారంది. బాగుపడ్డామో లేదో చెప్పే గుర్తులు మీరే చెప్పండని ఆయన ఊరివాళ్లను అడిగాడు. 38 చెప్పారు. అందులో 37 గుర్తుల ప్రకారం ఆ కుటుంబాలు మెరుగుపడ్డాయి. పెద్దింటి మీద ఆధారపడటం తగ్గడం లాంటివి రూపాయల్లో కనపడవు మరి. ఆయన తన అంకెలను తనే నిలదీశాడు. గమనించండి, ఆ గుర్తులను కూడా ఆయన లెక్కపెట్టాడు. విన్న తర్వాత లెక్కపెట్టాడు.

గుణాత్మకం పేరు చెప్పుకుని బతికే సోమరితనాన్ని కూడా నేను వదలను. బనగానపల్లె బస్టాండులో టీ తాగి, ముగ్గురితో మాట్లాడి, సాయంత్రం బండెక్కి "రాయలసీమ గ్రామీణ మానసం" అని నలభై పేజీలు రాసేవాళ్లున్నారు. రెడ్డిగారి వసారాలో మంచం మీద కూర్చుని ఊరి సంగతంతా విన్నామనుకునేవాళ్లున్నారు. ఆ వసారా మెట్టు ఎక్కలేనివాళ్ల మాట వాళ్ల నోటుబుక్కులో ఎట్లా పడుతుంది? వినడమూ ఒక సేద్యమే. ఎవరింట్లో దిగామో, ఎవరు మనతో మాట్లాడలేదో, మన ఊహకు అడ్డొచ్చిన మాట ఏదో రాసుకోవాలి. అడ్డొచ్చిన మనిషి దగ్గరికి మళ్లీ పోవాలి. వేడ్ తనకు నచ్చిన ఊరు దాటి కట్టుబాటు లేని ఊళ్లకు ఎందుకు పోయాడో అర్థం చేసుకోనివాడు గుణాత్మకం అనే మాట ఎత్తకూడదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. సీమ మీద సర్వే చేసే ఎవరైనా, ప్రభుత్వమైనా, కంపెనీ అయినా, డాక్టరేటు విద్యార్థి అయినా, మొదటి ప్రశ్న రాయకముందు ఒక కార్తె కాలం, పద్నాలుగు రోజులు, ఆ ఊళ్లో ఉండాలి. వాళ్లు దేన్ని ఏ మాటతో కొలుస్తారో రాసుకుని, ఆ మాటలతో ప్రశ్నలు కట్టాలి. అప్పుడు వెయ్యిమందిని లెక్కపెట్టండి, పదివేలమందిని లెక్కపెట్టండి, నేనే తోడొస్తాను. లెక్క తేలాక మళ్లీ అదే ఊరికి వచ్చి "మాకిట్లా తేలింది, నిజమేనా?" అని అడగండి. "పదును అయిందా? ఏ కార్తెలో? ఎన్ని రోజులు నిలిచింది? రెండోసారి విత్తనం కొన్నావా?" ఈ నాలుగు ప్రశ్నలకూ అంకెల్లోనే జవాబు చెప్పొచ్చు. వాటిని రాయగలిగిన మనిషి ఆ గట్టు మీదే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ పొద్దున ట్యాబ్ మూసేటప్పుడు అవ్వ పిల్లవాణ్ణి అడిగింది: "ఏం రాసుకుంటివో సదివి ఇనిపీ నాయనా." అతను తెర వెనక్కి తిప్పి చూశాడు. దాటిపోయిన ప్రశ్న మళ్లీ తెరుచుకోలేదు.

చిత్త కార్తెలో శనగ విత్తే వేళకు సర్వేవాళ్లు మళ్లీ వస్తారు, ప్రతి యేడూ వస్తారు. ఈసారి చేలగట్టు మీద ఆమె పక్కన నేనుంటాను, ఇంకో పదిమంది ఉంటాం. మొదటి జవాబు రాసుకున్నాక చదివి వినిపించమంటాం. ఆమె చెప్పిన మాట అందులో లేకపోతే, మా గట్టు మీద రెండో ప్రశ్నకు జవాబు ఉండదు.